వంతుగది

భీమిలి ఒడ్డుకు ఎదురుగా, నీళ్ళ అడుగున ఒక బండ ఉంది. పైన వల వేసేవాళ్ళకు అది వలలు చింపే పాపిష్టి బండ. కింద బతికేవాళ్ళకు మాత్రం అదొక ఊరు. ఆ బండ నడుమ పొడుగాటి నెర్రె ఒకటుంది. అందులో రాతిరొయ్యల కాపురం.

రాతిరొయ్య అంటే పులుసులో వేసే చిన్న రొయ్య అనుకోకండి. మూరెడు ఒళ్ళు, ఒంటినిండా ముళ్ళు, బారెడు మీసాలు. "మీసాలకేం, రొయ్యకు లేవా బారెడు" అని మనుషులు వెక్కిరిస్తారు. వెక్కిరించేవాళ్ళకేం తెలుసు! పీతకున్నట్టు పట్టుకునే డెక్కలు లేని జీవానికి ఆ మీసాలే కర్రలు, ఆ మీసాలే ఈటెలు. అందుకే వాళ్ళలో ఆడవాళ్ళకూ ఉంటాయి. మీసం మొదలును కంటి కింది గట్టుకేసి రాస్తే 'కర్ర్‌ర్ర్' అని నూనె లేని తలుపు అరిచినట్టు చప్పుడొస్తుంది. కోపమొచ్చినా, ప్రాణం మీదికొచ్చినా రాతిరొయ్యకు గొంతు అదే.

ఈ జీవానికి ఒక కష్టముంది. మనకు ఎముకలు లోపల, దానికి పెంకు బయట. లోపలి ఒళ్ళు పెరుగుతుంది గానీ పెంకు పెరగదు. కాబట్టి ఎదిగినప్పుడల్లా పాత పెంకు విడిచి బయటికి రావాలి. ఇది మనం చొక్కా మార్చుకున్నంత సుఖమనుకుంటున్నారేమో! కంటి మీది పొర, మొప్పల మీది పొర, ఆఖరికి కడుపు లోపలి పొర కూడా పెంకుతోపాటు ఊడిరావాలి. ఇరుక్కుంటే అక్కడే చావాలి. తీరా వచ్చాక కొత్త పెంకు తడిసిన తోలులా ఉంటుంది. అది గట్టిపడేదాకా దారిన పోయే చేప కూడా కొరికి చూసి పోతుంది.

అందుకే ఆ నెర్రెలో తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. నెర్రె చివర, బయటి చెయ్యి ఏదీ అందని చోట, ఒక చిన్న గది. దాని పేరు వంతుగది. పెంకు విడిచే వంతు ఎవరిదైతే వాళ్ళు ఆ గదిలో ఉండాలి. గట్టిగా ఉన్నవాళ్ళు నెర్రె గుమ్మంలో మీసాలు బయటికి చాపి వరసగా నిలబడాలి. ఈసారి నువ్వు లోపల, నేను గుమ్మంలో. వచ్చేసారి నేను లోపల, నువ్వు గుమ్మంలో. ఇంతకు మించిన చట్టం వాళ్ళకు లేదు, అవసరమూ పడలేదు. అప్పలసూరికి పెద్దరికం వచ్చేదాకా అలాగే నడిచింది.

అప్పలసూరి ఆ నెర్రెలోకెల్లా పెద్ద రొయ్య. పోయినేడు అతను పెంకు విడిచి వంతుగదిలో మెత్తగా పడుకున్నప్పుడు ఒక ఆక్టోపస్ వచ్చి నెర్రె మీద పడింది. గుమ్మంలో అందరికన్నా ముందు నిలబడింది నూకాలు. ఎనిమిది చేతులు, ఒక్కో చేతికి రెండేసి వరసల పీల్చే బుడిపెలు, వాటితో కుస్తీ అంటే మాటలా! నూకాలు ఎడమ మీసం మొదలంటా తెగిపోయింది. రెండు కాళ్ళు ఊడిపోయాయి. అయినా గుమ్మం వదల్లేదు. ఆక్టోపస్సే విసిగి వెళ్ళిపోయింది.

"ఓలమ్మ నూకాలూ, ఈ పేనం నువ్వెట్టిన బిచ్చవే" అని ఆ రోజు అప్పలసూరి ఏడ్చాడు కూడా. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళంతా ఏరు దాటే ముందు ఇలాగే ఏడుస్తారు.

ఏడాది తిరిగేసరికి అతని పెంకు బండబారింది. వీపు మీద గుల్లలు అతుక్కుని కిరీటంలా నిలబడ్డాయి. దాంతో చూపు కాస్త పైకి పోయింది. "నాను పెరగాల్సిందంతా పెరిగీసినాను. ఇంక నాకు పెంకు ఇడవడం నేదు" అని చెప్పుకుని తిరిగేవాడు. అది విని కాదన్నవాళ్ళు లేరు, కాదంటే ఏమొస్తుంది?

ఆ ఆక్టోపస్ పేరు రంగనాథం. రాయి దగ్గర రాయి రంగు, నాచు దగ్గర నాచు రంగు. కుస్తీ పడితే పని కాదని పోయినేడే తెలుసుకున్నాడు గనక ఈసారి మాటలు పట్టుకొచ్చాడు. నెర్రెకు ఎదురుగా ఒక రాయిమీద, ఆ రాయి రంగులోనే కూర్చుని, రోజూ అప్పలసూరిని పలకరించేవాడు.

"నమస్కారం సూరిగారూ! ఇంతటివారు ఇలా గుమ్మంలో నిలబడటమేమిటండీ?"

"కట్టుబాటు బాబూ. నోపల ఎవులైనా మెత్తగుంటే మేం ఈడ నిలబడాల."

"బాగుంది! ఒంటిమీద పెంకు కూడా నిలవని వాళ్ళకు చల్లటి గది. ఈ బండంత పెంకున్న పెద్దమనిషికి గుమ్మంలో కాపలా. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?"

అప్పలసూరి వీపు మీది గుల్లలు ఒకసారి సర్దుకున్నాడు. ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"అదీ నిజవేననుకో. గానీ మెత్తనోలు గుమ్మం కాడుంటే ఎవుడైనా ఎత్తుకుపోడేటి?"

"మీరు లోపల ఉన్నారని తెలిస్తే ఎవడికండీ అంత ధైర్యం? మీ పేరు వింటేనే నాకు ఈ చేతులన్నీ వణుకుతున్నాయి, చూడండి."

నిజంగానే ఎనిమిది చేతులూ వణికించి చూపించాడు. గొర్రె కసాయివాడినే నమ్ముతుందంటారు. ఆ గొర్రెకు కనీసం పెంకు లేదు, గుల్లల కిరీటం లేదు, నలుగురూ పెద్దోడని పిలవరు. ఇవన్నీ ఉన్న అప్పలసూరిని ఏమనాలో నాకు తెలియడం లేదు.

"ఇంకొక్క మాట" అన్నాడు రంగనాథం గొంతు తగ్గించి. "పెంకు లేనివాళ్ళను సభలో మాట్లాడనివ్వకండి. మెత్తనివాళ్ళ మాట కూడా మెత్తగానే ఉంటుంది. అరుపులూ గీపులూ అసలే వద్దు. ఊరి పరువు పోతుంది."

ఊరి పరువు మీద అతనికి అంత బెంగ ఎందుకంటే, పక్క బొరియలో మలుగుపాము అనే పాములాంటి చేప ఒకటి ఉంది. దానికి ఆక్టోపస్ మాంసమంటే ప్రాణం. ఎవరైనా అరిస్తే అది తల బయట పెడుతుంది. ఈ సంగతి రంగనాథం చెప్పలేదు, అప్పలసూరి అడగలేదు.

మర్నాడే అప్పలసూరి అందరినీ పోగుచేశాడు.

"ఇనండి. ఇయ్యాల్టి నుంచి వంతుగది నేదు. అది పెద్దగది. అందరికన్నా గట్టి పెంకున్నోడు అందులో ఉంటాడు. పెంకు ఇడిసినోలు గుమ్మం కాడ ఉంటారు. గట్టిపడీదాకా ఆలకి సబలో మాట నేదు. అంతే."

నూకాలు ముందుకొచ్చింది. అప్పటికే ఆమె మేత మానేసింది. ఒళ్ళు నీరుపట్టి పెంకు బిగుసుకుపోయి ఉంది. పోయిన కాళ్ళ మొదట్లో కొత్త కాళ్ళు మొగ్గల్లా ముడుచుకుని కూర్చున్నాయి. పెంకు విడిస్తే గానీ అవి విచ్చుకోవు. ఈసారి వంతు ఆమెది, ఆ సంగతి అందరికీ తెలుసు.

"సూరి మావా, అందరికన్నా గట్టి పెంకున్నోడు అంటే ఎవుడు?"

"సూత్తే తెలట్లేదేటి?"

"తెల్తంది. నాకు తెలీంది ఇంకోటుంది. పోయినేడు నువ్వా గదిలో జావ ముద్దలాగ పడుంటే, ఈ మీసం నాను ఎవుడికోసం తెంపించుకున్నాను?"

"అది అప్పటి కట్టుబాటు."

"మరి కట్టుబాటుకి నా మీసం పనికొచ్చింది, నా కాళ్ళు పనికొచ్చినాయి. నా వంతు వొచ్చీసరికి కట్టుబాటు సచ్చిపోనాదేటి?"

"పెద్దోల మాట సద్దిమూట. ఎదురు సెప్పకు గుంటా."

"సద్దిమూటైతే ఇప్పి సూడాల గదా మావా, అందులో బువ్వుందో బొగ్గుందో! సిగ్గునేదా నీకు? గుమ్మంలో నిలబడినోలం గనక నువ్వు ఇంతోడివైనావు. ఆ పెంకు నీ ఒక్కడిదీ అనుకుంటన్నావేటి?"

నూకాలు చుట్టూ చూసింది. అక్కడున్న ప్రతి రొయ్యా ఒకప్పుడు ఆ గదిలో మెత్తగా పడుకుని లేచిందే. ఒక్కటీ నోరు విప్పలేదు. అందరిలోకీ మర్యాదస్తుడని పేరున్న ఎర్రయ్య మాత్రం మెల్లగా దగ్గరికొచ్చి, "పెద్దోడితో మనకేటి తగువు నూకాలూ? కాత్త ఓర్సుకో. నువ్వు గట్టిపడీదాకానే గదా" అన్నాడు.

"రేపు నీ వంతొచ్చినప్పుడు నువ్వూ ఓర్సుకుంతావా ఎర్రయ్యా?"

ఎర్రయ్యకు ఉన్నట్టుండి కాలి కింద ఇసకలో ఏదో పని తగిలింది. ఇలాంటి మర్యాదస్తులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దుర్మార్గుడికి చేతులు ఎనిమిదే ఉంటాయి. మిగతా చేతులన్నీ వీళ్ళే అరువిస్తారు.

నూకాలు ఉన్న ఒక్క మీసాన్నీ కంటి కింద పెట్టి గీసింది. కర్ర్‌ర్ర్! నెర్రె దద్దరిల్లింది.

"ఇప్పుడు అరిసీ" అన్నాడు అప్పలసూరి వంతుగదిలోకి వెనక్కి నడుస్తూ. "పెంకు ఇడిసినాక నువ్వు అరిసినా ఇనబడదు. మెత్తనోలకి గొంతు నేదు."

రోజూ ఎదురుగా రాయి మీద కాచుకున్నవాడు తను మెత్తబడగానే వస్తాడని నూకాలుకు తెలుసు. ఆమె గుమ్మం దాటి పక్క బొరియ దగ్గరికి వెళ్ళింది. అందులో ఉండే మలుగుపాము పేరు సన్నేసమ్మ. ఆమెకు చూపు తక్కువ, వాసన ఎక్కువ, కోపం మరీ ఎక్కువ. ఇరుగుపొరుగు ఎవరూ ఆమెను పండక్కి పిలవరు.

"సన్నేసప్పా!"

"ఎవుత్తివే? మరీ దగ్గిరికి రాకు. నాకు కళ్ళు ఆనవు. ముందు కరిసి తరవాత పేరడుగుతాను."

"నాను నూకాల్ని. ఆ రంగనాథం నీకు దొరకట్లేదేటి?"

"ఆ పేరెత్తకు, నోరూరతాది. ఆడు రాయి మీద కూకుంటే రాయే అనుకుంటాను. ఆడు ఉలిక్కిపడి కదిలితే గానీ నాకు తెల్దు."

"ఆడు కదిలినప్పుడు నాను అరుత్తాను. అరుపు కాడికి వొత్తావా?"

సన్నేసమ్మ తల కాస్త బయట పెట్టింది. నోరు తెరుస్తూ మూస్తూ వాసన చూసింది.

"నువ్వు పెంకు ఇడిసీలాగున్నావే. అరుపు కాడికి నాను వొత్తే అక్కడ మెత్తమెత్తగా నువ్వుంటావు. నాను మంచిదాన్ని కాదే గుంటా, నన్ను నమ్మకు."

"మంచిదానివని రానేదప్పా. మంచోలు మా నెర్రెలో సానామంది ఉన్నారు, ఆలంతా తలొంచుకుని కూకున్నారు. నీకున్నది ఒక్క నోరు. దాన్నిండా ఆడుంటే నన్నెలాగ తింతావు?"

సన్నేసమ్మ నవ్వింది. ఆమె నవ్వు వినడం నూకాలుకు అదే మొదలు. వినడానికి అంత బాగోలేదు.

"సరే, వొత్తాను. గానీ మెత్తబడినాక నీకు గొంతు వొత్తాదేటి?"

"తెల్దు."

"తెల్దేటి? ఇన్నేళ్ళుగా పెంకులు ఇడుత్తన్నారు గదా?"

"వంతుగదిలో ఎవులికీ అరవాల్సిన పని పడనేదప్పా. గుమ్మంలో మేం నిలబడీవోలం గదా."

సన్నేసమ్మ తల లోపలికి లాక్కుంది.

మర్నాడు పొద్దు వాలుతూ నీళ్ళ రంగు మారుతుండగా నూకాలు వీపు పగిలింది. వీపు పెంకుకూ తోక పెంకుకూ నడుమ అడ్డంగా నోరు తెరుచుకుంది. గుమ్మంలో, నలుగురూ నడిచే చోట, పక్కకు ఒరిగి పడుకుని ఆమె తన ఒంట్లోంచి తాను బయటికి రావడం మొదలుపెట్టింది. ముందు వీపు, తర్వాత కళ్ళు, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటిగా, బిగుసుకున్న గాజుల్లోంచి చెయ్యి లాగినట్టు లాక్కుంది. ఆ నొప్పి వేళ చుట్టూ అయినవాళ్ళు ఉండాలి. అయినవాళ్ళంతా పది బారల అవతల, అటు తిరిగి నిలబడి, ఏమీ జరగనట్టు ఇసక ఎగదోసుకుంటున్నారు. తూ!

చివరికి తోక ఒక్క విదిలింపుతో బయటికి వచ్చేసింది. నూకాలు గుటకలు గుటకలుగా నీళ్ళు తాగింది. తాగినకొద్దీ మెత్తటి ఒళ్ళు పొంగి మునుపటికన్నా పెద్దదయింది. పోయిన కాళ్ళ చోట రెండు చిన్న కాళ్ళు విచ్చుకున్నాయి. ఎడమవైపు పొట్టి మీసం ఒకటి కొత్తగా ఊగింది. కానీ నిలబడదామంటే కాళ్ళు జారిపోతున్నాయి.

పాత పెంకు పక్కనే పడి ఉంది. వంతుగదిలో అయితే మొదట చేసే పని దాన్ని కొరుక్కు తినడమే. కొత్త పెంకు గట్టిపడటానికి కావలసిన సున్నమంతా అందులోనే ఉంటుంది. నూకాలుకు ప్రాణం దాని మీదికే పోయింది. అయినా నోరు కట్టుకుంది. ఈడ్చి, తోసి, దాన్ని గుమ్మం మధ్యలో నిలబెట్టింది. విడిచిన పెంకంటే తునకలు కాదు మరి, ముళ్ళతో, కంటి గుడ్డు మీది పొరతో సహా రొయ్యకు రొయ్య. ఒంటి మీసంతో, లేని రెండు కాళ్ళతో అది అచ్చంగా నూకాలే. నిజం నూకాలు పాక్కుంటూ పోయి గుమ్మం పక్కనున్న రాతి అంచు కింద ముడుచుకుంది.

బయట ఒక రాయి మాట్లాడింది.

"సూరిగారూ, కొత్త గది హాయిగా ఉందా?"

"ఉంది బాబూ" అని చివర గదిలోంచి గొంతొచ్చింది. "గానీ ఎందుకో కాత్త ఇరుగ్గా ఉంది. ఈమజ్జిన మేత కూడా సయించట్లేదు."

"పెద్ద పదవి కదండీ, మొదట్లో అలాగే ఉంటుంది. ఇంతకీ నూకాలమ్మ పెంకు విడిచిందా?"

"ఇడిసీసింది, సప్పుడు ఇన్నాను. గుమ్మం కాడే ఉంది."

తాను ఏం చెప్పాడో అతనికి తెలియదనుకుందామా? ఒక ఆడకూతురు మెత్తగా ఉందని, ఫలానా చోట ఉందని, పోయినేడు ఆమె కాళ్ళు తిన్నవాడికి లోపల పడుకుని కబురు చెప్పాడు. తెలియకపోవడం కూడా ఒక హద్దు దాటాక నేరమే.

రాయికి ఎనిమిది చేతులొచ్చాయి. రంగనాథం గుమ్మంలో నిలబడ్డ ఆకారం మీద గొడుగులా పడి, చుట్టేసి, ముక్కుతో వీపు మీద పొడిచాడు. కరకరమంది. మెత్తటి మాంసం కోసం నోరు తెరిస్తే నోటినిండా పొట్టు. మళ్ళీ పొడిచాడు, మళ్ళీ పొట్టే.

"ఇదేమిటి? ఆవిడేదీ?"

రాతి అంచు కింద నూకాలు పొట్టి మీసాన్నీ పొడుగు మీసాన్నీ కంటి కింద పెట్టింది. రెండూ మెత్తగా ఉన్నాయి. గట్టు కూడా మెత్తగానే ఉంది. గొంతు లేదని మావ అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట గుర్తొచ్చేసరికి భయం పోయి కోపమొచ్చింది. ఒళ్ళంతా బిగబట్టి గీసింది.

కర్ర్‌ర్ర్‌ర్ర్!

పెంకున్ననాడు అరిచిన అరుపుకు ఇది ఏమీ తీసిపోలేదు. నెర్రె గోడలు దాన్ని పట్టుకుని అటూ ఇటూ విసురుకున్నాయి. రంగనాథం ఉలిక్కిపడి కదిలాడు. కదలడమే అతను చేసిన తప్పు. పక్క బొరియలోంచి సన్నేసమ్మ ఒక్క ఊపులో వచ్చి తల దగ్గర పట్టుకుంది. రంగనాథం సిరా కక్కాడు. రాయి రంగు, ఇసక రంగు, నాచు రంగు, ఉన్న రంగులన్నీ ఒకదాని వెనక ఒకటి చూపించాడు. నోట్లో పడ్డాక ఏ రంగైతేనేం? సన్నేసమ్మ అతన్ని మెలితిప్పి బొరియలోకి లాక్కుపోయింది. ఎనిమిదో చెయ్యి చివర కాసేపు బయట ఊగి, అదీ లోపలికి పోయింది.

సిరా మబ్బు విడేసరికి రొయ్యలన్నీ గుమ్మం చుట్టూ మూగాయి. రాతి అంచు కింద నూకాలు, గుమ్మంలో నుగ్గునుగ్గైన ఆమె పెంకు. ఎంత ప్రమాదం తప్పిందో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసింది. అప్పుడు చివర గదిలోంచి అప్పలసూరి మెల్లగా, బరువుగా నడిచొచ్చాడు.

"సూసినారా? నాను నోపలున్నానని తెలిసి ఆడికి సేతులు ఆడనేదు. అందుకే సెప్పినాను, పెద్దోడు పెద్దగదిలో ఉంటే ఊరికి..."

టప్పున చప్పుడైంది.

అప్పలసూరి ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టబోయాడు. ఈసారి అందరికీ కనబడేలా వీపు పెంకుకూ తోక పెంకుకూ నడుమ నోరు తెరుచుకుంది. గుల్లల కిరీటం ఒక పక్కకు ఒరిగిపోయింది. మేత సయించకపోవడం, గది ఇరుకవడం పదవి వల్ల కాదని అప్పటికి గానీ అర్థం కాలేదు. అతను ఇంకా పెరుగుతూనే ఉన్నాడు పాపం, బుద్ధి తప్ప.

"గుమ్మం కాడికి!" అని ఎవరో అరిచారు. ఆశ్చర్యమేమిటంటే అది ఎర్రయ్య. "నువ్వు సెప్పిన మాటే సూరీ! పెంకు ఇడిసినోలు గుమ్మం కాడ! మాట నేదు!"

"గుమ్మం కాడికి! గుమ్మం కాడికి!" అని మీసాలతో పొడుస్తూ అందరూ అతన్ని బయటికి తోయసాగారు. సగం విడిచిన పెంకుతో అప్పలసూరి గిలగిల్లాడాడు. సిరా వాసనకు బయట చేపలు అప్పుడే తిరుగుతున్నాయి.

కర్ర్‌ర్ర్!

రాతి అంచు కింద నుంచి వచ్చిన ఆ అరుపుకు అందరూ ఆగిపోయారు.

"సిగ్గునేదర్రా మీకు?" అంది నూకాలు. "నిన్న ఆడి ఎనకాల ఉన్నారు. ఇయ్యాల నా ఎనకాల ఉన్నారు. నాను ఈడ పడి ఒళ్ళు ఇడుత్తంటే మాత్రం గుమ్మంలో ఒక్కడు నేడు! ఇప్పుడు మెత్తనోణ్ణి పొడవడానికి మీకు మీసాలు వొచ్చినాయేటి? ఆ మీసాలు బయటికి తిప్పండి. ఎల్లండి గుమ్మంలోకి!"

ఎర్రయ్య ముందు తల దించుకున్నాడు, తర్వాత గుమ్మంలోకి నడిచాడు. అతని వెనక మిగతావాళ్ళు. మీసాలన్నీ బయటి వైపుకు తిరిగాయి. ఇద్దరు ముగ్గురు నూకాలు పెంకు ముక్కలు ఏరి, ఆమె మొహం చూడలేక, దగ్గర పెట్టి పోయారు.

వంతుగదిలో ఆ ఏడు ఇద్దరు పడుకోవలసి వచ్చింది. అప్పలసూరి పెంకు మొత్తం విడిచి ఒక మూల జావలా ఉన్నాడు. గుల్లలన్నీ పాత పెంకుతోనే పోయాయి. నూకాలు రెండో మూల కూర్చుని తన పెంకు ముక్కలు ఒక్కొక్కటే కొరుక్కు తింటోంది.

"నూకాలూ" అన్నాడు అప్పలసూరి. "నన్ను చెమించీసినావా?"

"నేదు."

"మరెందుకు నోపలికి రానిచ్చినావు?"

"రానియ్యడానికి ఇది నా గదేటి? వంతుగది. నీ వంతొచ్చింది, వొచ్చినావు. రేపు నాను గట్టిపడితే గుమ్మంలో నిలబడతాను. అది నీ మీద పేమ అనుకోకు."

అప్పలసూరి చిన్నగా, "నాకో మాట సెప్పాలనుంది. గానీ మెత్తనోలకి మాట నేదని నానే అన్నాను గదా" అన్నాడు.

"ఉంది. నాను అరిసినప్పుడు ఇన్నావు గదా. సెప్పు, ఇంటాను."

అతను మీసం మొదలును కంటి కింది గట్టుకు ఆనించాడు. నూకాలు తినడం ఆపి ఎదురుచూసింది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా చెవులు ఇటే పెట్టారు. ఇప్పుడు అతనికి గది ఉంది, కాపలా ఉంది, మాట్లాడే హక్కూ ఉంది. ఎంత వెతుక్కున్నా చెప్పడానికి మాటే దొరకలేదు. మీసం దించేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నీతి: గట్టిగా ఉన్ననాడు మెత్తనివాళ్ళ మీద వేసిన ఆజ్ఞ, మెత్తబడ్డనాడు మన వీపునే వెతుక్కుంటూ వస్తుంది.